స్టేజీ బోర్డు, 12 డాన్స్ జాకెట్లు: రైన్‌స్టోన్ల (అంటించే మెరుపు రాళ్ల) లెక్క, బృందాల వారీగా పని పంపకం

వేదిక అలంకరణ:
బోర్డు మీద 10 అక్షరాలు, అడుగు ఎత్తువి. ఒక్కో అక్షరం అంచు గీత పొడవు సగటున 120 సెం.మీ. ఎస్‌ఎస్20 రాళ్లు (ఎస్‌ఎస్ అంటే రాయి సైజు, అంకె పెరిగితే రాయి పెద్దది) 6 మి.మీ.కి ఒకటి చొప్పున అక్షరానికి 200, మొత్తం 2,000. రేకు ఊడినవి, కింద పడి పోయేవి 10 శాతం కలిపితే 2,200. గ్రోసుకి 144 కాబట్టి 16 గ్రోసులు చెబుదాం. ఎస్‌ఎస్10 వద్దు. మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, వెనక వరుసలకి ఆనదు.

దుస్తులు:
జాకెట్టుకి మెడ 80, చేతులు రెండూ 60 సెం.మీ. సెంటీమీటరుకొకటి వేస్తే 140, అంటే దాదాపు గ్రోసు. ఎస్‌ఎస్16 చాలు, 12 జాకెట్లకి 12, పోయేవాటికి ఇంకో రెండు, మొత్తం 14 గ్రోసులు. హాట్‌ఫిక్స్ (వెనక జిగురుండి వేడికి అతుక్కునేవి) తెప్పిస్తే త్వరగా అయిపోతుంది కదా అక్కా?

వేదిక అలంకరణ:
బట్ట పల్చటి పాలిస్టర్ జార్జెట్ అయితే వద్దమ్మా. హీట్ ప్రెస్ 160 డిగ్రీల దగ్గర పెడతారు, ఆ వేడికి బట్ట ముడుచుకోవచ్చు. కరిగిన జిగురు అవతలికి కూడా దిగుతుంది. మామూలు ఫ్లాట్‌బ్యాకే (వెనక చదునుగా, జిగురు లేనివి) తీసుకో, గాజువే చెప్పు. అక్రిలిక్‌వి గీతలు పడి మసకబారతాయి.

దుస్తులు:
సరే. జిగురు ఈ6000. సూపర్ గ్లూ ఎవరూ తేవద్దు: ఆరాక పెళుసెక్కి, బట్ట మడతపడితే రాయి ఎగిరిపోతుంది, చుట్టూ తెల్లటి పొగమరక మిగులుతుంది. జిగురు చుక్క రాయి అడుగు కంటే కాస్త చిన్నదిగా ఉండాలి, నొక్కితే అంచు చుట్టూ సన్నగా కనపడాలి. ఎక్కువైతే పైకెక్కి మెరుపు పోతుంది. ఒకేసారి ఐదారు చుక్కలకి మించి పెట్టకండి, పైపొర కడితే పట్టు ఉండదు. సాగే నడుము పట్టీలని సాగదీసి ఉంచే అంటించాలి, లేకపోతే వేసుకోగానే రాలతాయి. పూర్తి పట్టుకి 24 నుంచి 72 గంటలు కావాలి కాబట్టి ముందురోజు పని కుదరదు. వాసన ఘాటు, కిటికీలు తీసి ఉంచండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

బోర్డు పని:
నాదో సందేహమండీ. బోర్డు థర్మోకోల్. దానికీ ఈ6000 వాడొచ్చా?

వేదిక అలంకరణ:
వద్దండీ, అందులోని ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది. నీళ్లతో చేసిన క్రాఫ్ట్ గ్లూ వాడండి, రాత్రంతా పడుకోబెట్టి ఆరనివ్వండి. నిలబెట్టి అంటిస్తే రాళ్లు జారతాయి.

ఇంకోటి: రాళ్లతోనే అక్షరం చదివించాలనుకోకండి. ఏ కుర్చీలోంచి చూసినా కొన్ని రాళ్లే తళుక్కుమంటాయి, మిగతావి బూడిదరంగులో ఉండిపోతాయి. ముదురు నేల మీద అక్షరం తెల్లగా పెయింట్ చేసి, రాళ్లు అంచుకే పెట్టండి. ఏబీ పూత (ఇంద్రధనుస్సు రంగులు పలికేది) ఉన్నవి జాకెట్లకి బాగుంటాయి, బోర్డుకి మాత్రం తెల్లవే.

లైటింగ్:
హాలు ట్యూబ్‌లైట్లు చెదిరిన వెలుగు ఇస్తాయి, వాటికి రాయి మెరవదు. బోర్డు మీదకి పక్కల నుంచి రెండు సన్నటి స్పాట్లు వేస్తాం. అక్షరాలు ఎండాక చెప్పండి, ఒకటి వేదిక మీద పెట్టి కోణం చూసుకుంటాం.