కాలనీలో గంజాయి: చిన్న పిల్లలను ఎలా కాపాడుకోవాలి?

మాది అనకాపల్లి దగ్గర ఒక కాలనీ. ఇంటర్ మధ్యలో మానేసిన కుర్రాళ్లు కొందరు సాయంత్రమైతే నీళ్ల ట్యాంకు వెనక చేరి గంజాయి తాగుతున్నారు. ఈ మధ్య ఎనిమిదో తరగతి పిల్లలూ వాళ్ల చుట్టూ తిరుగుతున్నారు. నా భయమంతా వీళ్ల గురించే.

మత్తుమందుల సమాచారం చెప్పే టోల్‌ఫ్రీ నంబరు 1972కు ఫోన్ చేయమంటున్నారు. అమ్మేవాడిని పట్టించడానికి సరే, తాగే పిల్లలపై కూడా కేసు పడుతుందేమోనని తల్లులు నోరు విప్పడం లేదు. తనంతట తాను చికిత్సకు వెళ్లే వ్యసనపరుడికి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుందని చదివాను. ఆచరణలో అది దక్కుతుందా?

ఐస్‌లాండ్‌లో పిల్లలను మత్తుకు దూరంగా ఉంచడానికి తల్లిదండ్రులే రాత్రిళ్లు వీధుల్లో తిరిగారట, పిల్లల ఆటలకు పురపాలక సంఘాలు డబ్బిచ్చాయట. మాకున్నది ఖాళీ స్థలం, ఒక వాలీబాల్ నెట్టు. ర్యాలీలు మాత్రం చాలానే చూశాం!

మీ ఊళ్లో ఇలాంటిది ఎవరైనా నడిపారా? ముందు ఎవరిని కలపాలి, బడి మాస్టర్లనా, డ్వాక్రా సంఘాలనా? ఆ పెద్ద కుర్రాళ్లను ఆటలోకి రానివ్వాలా, వద్దా?