తాబేళ్ల సంగతి రుషికుల్య తీరంలో ఏ భాషలో చెప్పాలి?

బరంపురం విద్యార్థి: మాది ఎమ్మెస్సీ జువాలజీ చదివేవాళ్ల చిన్న బృందం. ఒడిశాలో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర, అటవీశాఖ అనుమతితో, ఆలివ్ రిడ్లే తాబేళ్ల గూళ్లలో ఇసుక వేడి కొలుస్తున్నాం. గూడు వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి, చల్లగా ఉంటే మగవి. ఇన్నాళ్లూ ఇదంతా ఊళ్లో సభ పెట్టి ఒడియా, ఇంగ్లీషుల్లో చెప్పాం. ఈసారి తీరంలో తెలుగు మాట్లాడే నోళియా జాలరుల పల్లెల్లో తెలుగులో చెబుదామన్నాను. బృందంలో సగం మంది వద్దన్నారు. మీరేమంటారు?

ఛత్రపురం మాస్టారు: ఒడియా చాలు. పల్లె పిల్లలు బడిలో చదివేది ఒడియానే. తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు చాలామందికి రావు. తెలుగు పోస్టరు అతికిస్తే చదివేదెవరు? లేని భాషా తగాదా తెచ్చిపెట్టడం ఎందుకు?

నోళియా ఇంటి పిల్ల: మాస్టారూ, పోస్టరు ఒడియాలోనే ఉండనివ్వండి. నోటి మాట గురించి చెబుతున్నాను. పోయినేడు ఒక బృందం మా పల్లెకొచ్చి గంటసేపు ఒడియాలో చెప్పింది. మా అమ్మకి ఒడియా వచ్చు, చేపల బేరానికి సరిపడా. చివరిదాకా కూర్చుంది. ఇంటికొచ్చి, "మన తాంబేళ్లకి ఏదో జొరం వచ్చిందట" అంది. గంట విన్నాక ఆవిడకి మిగిలింది ఆ భయం ఒక్కటే.

ఇంకో మాట. గుడ్లు పెట్టిన దాదాపు 50 రోజులకి తాబేలు పిల్లలు ఇసకలోంచి బయటికొస్తాయి. రాత్రిపూట వెలుతురు ఎటుంటే అటు పోతాయి. ఒడ్డు వైపు దీపాలు ఆర్పవలసింది ఇంట్లో ఉండే ఆడవాళ్లే. వాళ్లకి అర్థంకాని భాషలో చెబితే ఆ దీపం ఎవరు ఆర్పుతారు? ఇక్కడ తాబేళ్లు గుంపులుగా ఒడ్డెక్కుతాయని శాస్త్రజ్ఞులు నమోదు చేసింది 1994లో. మా తాతలకి అంతకుముందే తెలుసు. దక్షిణపు గాలి గట్టిగా కొడితే "ఈ రాత్రి ఎక్కుతాయి" అనేవారు. మీరు చెప్పడమే కాదు, అడగవలసినవీ ఉన్నాయి. అడగాలన్నా తెలుగే కావాలి.

గోపాల్‌పూర్ పడవ: తమ్ముడూ, భాష ఏదైనా మావాళ్లు మొదట అడిగేది ఒకటే. నవంబరు 1 నుంచి మే 31 దాకా, ముఖద్వారం నుంచి 20 కిలోమీటర్ల లోపు, తాబేళ్ల కోసమని, మర పడవల వేట నిషేధం. ఏడు నెలలు. దానికి జవాబు లేకుండా ఇసుక వేడి గురించి మొదలుపెడితే జనం లేచిపోతారు.

బరంపురం విద్యార్థి: అన్నా, నిషేధం మా చేతిలో లేదు కదా.

గోపాల్‌పూర్ పడవ: లేదని ముందే చెప్పు. చెప్పి, వాళ్ల బాధ కూర్చుని విను, రాసుకో. మీరు ఊళ్లో పెట్టే సభలో దాన్ని కూడా చదువు. అక్కడికొచ్చే పెద్దలకి తాబేళ్ల లెక్క తెలుసు, మా ఇంటి లెక్క తెలియదు. అది చేస్తే మా కులపెద్దతో నేను మాట్లాడతాను.

ఛత్రపురం మాస్టారు: నోటిమాట తెలుగైతే నాకు అభ్యంతరం లేదు. కానీ అదే పల్లెల్లో ఒడియా ఇళ్లూ ఉన్నాయి. వాళ్లని వేరుగా కూర్చోబెట్టి మళ్లీ చెబుతారా? ఈ ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

నోళియా ఇంటి పిల్ల: వేరుగా ఎందుకండీ? ఒక మాట తెలుగులో, ఒక మాట ఒడియాలో. మా ఇళ్లలో రోజూ అలాగే నడుస్తుంది. ప్రొజెక్టరు వద్దు. మగవాళ్లు వలలు బాగుచేసుకునే వేళకి రండి, అప్పుడు ఆడవాళ్లూ దగ్గర్లోనే ఉంటారు. ఎండలో ఇసక, నీడలో ఇసక, రెండు చోట్లా జానెడు లోతు తవ్వి చెయ్యి పెట్టి చూడమనండి. గూడు సంగతి అక్కడే తెలుస్తుంది.

బరంపురం విద్యార్థి: అలాగే చేస్తాం. ముందు నిషేధం మాట, తర్వాతే గూళ్ల మాట. ఒక్క సందేహం. ఉష్ణోగ్రత అంటే బరువుగా ఉంది. "ఇసక కాక" అందామా?

నోళియా ఇంటి పిల్ల: కాక అంటే మళ్లీ జొరమే అనుకుంటుంది మా అమ్మ. "ఇసక వేడి" అనండి. ఆ రోజు నేను ఆవిడ పక్కనే కూర్చుంటాను.