అప్‌డేట్: తమ్ముడి కంట్లో సున్నం పడిన విషయం

వెల్ల వేస్తుండగా మా తమ్ముడి కుడి కంట్లో తడి సున్నం పడిందని, నొప్పి తగ్గినా చూపు మసకగానే ఉందని, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మళ్లీ బాగవుతుందా అని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

వెంటనే నీళ్లతో కడగడమే కంటిని కాపాడిందని డాక్టరు గారు అన్నారు. సున్నం క్షారం కనుక, చాలా ఆమ్లాల్లా పైపొర దగ్గర ఆగకుండా, కణాల పొరలను కరిగిస్తూ లోపలికి దిగుతుంది. అందుకే ఆసుపత్రిలోనూ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దగ్గర, అంటే తటస్థంగా నిలిచేదాకా సెలైన్‌తో కడిగి, పై రెప్పను తిప్పి, అక్కడ అంటుకున్న సున్నపు రవ్వలను తీశారు. అవి మిగిలితే ఎంత కడిగినా క్షారం ఊరుతూనే ఉంటుంది.

కార్నియా పైపొర దాని చుట్టూ ఉండే లింబస్ అనే వలయంలోని మూలకణాల నుంచి మళ్లీ పుడుతుంది. ఫ్లోరెసిన్ అనే రంగు చుక్క వేసి నీలి కాంతిలో చూస్తే పొర లేచిన చోటు ఆకుపచ్చగా మెరిసేది. ఆ మచ్చ అంచుల నుంచి కుంచించుకుపోతూ ఇప్పుడు పూర్తిగా పోయింది. లింబస్‌కు రక్తప్రసరణ ఆగకపోవడం మా అదృష్టమే. మూలకణాలు చనిపోయి ఉంటే తెల్లగుడ్డు మీది పొర కార్నియాపైకి పాకేది. అప్పుడు హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రూపొందిన స్లెట్ అనే మూలకణ మార్పిడి పద్ధతిలో, రెండో కంటి లింబస్ నుంచి చిన్న ముక్క తీసి నాటవలసి వచ్చేదేమో.

మిగిలిన మసక కార్నియా పైపొర కింద ఉండే స్ట్రోమా అనే మందపాటి పొరది. అక్కడ కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు సర్దుకోవడానికి నెలలు పడుతుంది. స్టెరాయిడ్ చుక్కలు తగ్గిస్తున్నారు, విటమిన్ సి కొనసాగుతోంది, కంటి ఒత్తిడిని ప్రతిసారీ కొలుస్తున్నారు.