రిసెప్షన్‌కి ప్రోటియా పూలు అడుగుతున్నారు, ఎవరైనా వాడారా?

గుణుపురం పూలకొట్టు:
నమస్కారమండీ. గుణుపురంలో మాది చిన్న పూలకొట్టు, మండపం డెకరేషన్ కూడా చేస్తాం. నాన్న హయాం నుంచి మా చేతికి అలవాటైనవి బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం, ఈమధ్య జెర్బెరా. వచ్చే నెల ఒక పెళ్లి ఒప్పుకున్నాను. పెళ్లికూతురికి బెంగళూరులో ఉద్యోగం. ఫోన్‌లో బొమ్మ పంపి, "అన్నయ్యా, రిసెప్షన్‌లో నా చేతిలో ఉండే బొకే ఇదే కావాలి, స్టేజీ మీద కూడా పెట్టాలి" అంది. కింగ్ ప్రోటియా అట. దక్షిణాఫ్రికా వాళ్ల జాతీయ పుష్పం అట.

బొమ్మ చూసి మా అమ్మ "ఏట్రా ఇది, అనాసపండు నడిమికి కోసినట్టుంది" అంది. నాకూ మొదట అలాగే అనిపించింది, పైకి అనలేదు. ధర కనుక్కుంటే కళ్లు తిరిగాయి. ఒక్క కాడకి వాళ్లు చెప్పిన డబ్బుతో నేను ఓ ఇంటి గుమ్మం నిండా బంతి తోరణాలు కట్టేస్తాను.

డబ్బు వాళ్లిస్తారు, అది కాదు టెన్షన్. కిందటేడు ఒక రిసెప్షన్‌కి ఆర్కిడ్లు తెప్పించాను. బస్సులో ఆ పెట్టెని ఇంజను పక్కన పెట్టారు. దింపుకుని తెరిస్తే ఉడికిన తోటకూర. సాయంత్రం ఆరింటికి స్టేజీ, నాలుగింటికి నేను చామంతుల కోసం పాతపట్నం దాకా పరిగెత్తాను. అడ్వాన్సులో సగం తిరిగిచ్చేశాను. ఈ పువ్వూ అలాగే చేస్తుందా? ఎన్ని రోజులు ఆగుతుంది? ఇంకో మాట, పెళ్లికూతురి బామ్మగారు దీన్నే పూలజడలో కూడా పెట్టమంటున్నారు. కుదురుతుందా?

రాయగడ పిల్ల, బెంగళూరులో:
తమ్ముడూ, మాదీ మీ పక్క ఊరే. ఇక్కడ తొమ్మిదేళ్లుగా బొకేలు కడుతున్నా. ఆర్కిడ్‌ని తలుచుకుని దీనికి భయపడకు, ఇది మొండి పువ్వు. బాగా చూసుకుంటే పది రోజులు, రెండు వారాలు కూడా నిలుస్తుంది. నువ్వు రేకులనుకునేవి రేకులు కావు. మన కాగితం పువ్వుకి ఉన్నట్టే అవి రంగు పట్టిన ఆకులు. అసలు పూలు నడిమధ్యలో కుచ్చులా గుంపుగా ఉంటాయి.

ఇబ్బందల్లా కాడకున్న ఆకులతోనే. ఈ పువ్వులో తేనె జాస్తి, అక్కడ అడవిలో పిట్టలొచ్చి తాగుతాయి. కోసేశాక కూడా ఆ తల ఆకుల్లోని చక్కెరంతా లాగేసుకుంటుంది. చీకటి పెట్టెలో ఉన్న ఆకు మళ్లీ చక్కెర చేసుకోలేదు కదా, నల్లబడిపోతుంది. పువ్వు బాగానే ఉంటుంది, ఆకులు మాత్రం కాలినట్టు కనిపిస్తాయి. మొదటిసారి నేనూ ఏడ్చాను. అందుకని పెట్టె చేతికి రాగానే తెరిచెయ్. నీళ్లలో మునిగే ఆకులన్నీ దూసెయ్, పువ్వు కిందవి నాలుగైదు ఉంచు చాలు. కాడ కింద రెండంగుళాలు ఏటవాలుగా కోసి బకెట్లో పెట్టు. లీటరు నీళ్లకి రెండు చెంచాల పంచదార వేసి, రోజూ నీళ్లు మార్చు. వెలుతురు ఉండాలి, ఎండ తగలకూడదు.

కాడ వేలంత లావు, చెక్కలా ఉంటుంది. పూలు కోసే కత్తెర విరుగుతుంది, కొమ్మలు కత్తిరించే కట్టర్ తెచ్చుకో. బొకేలో కింగ్ ఒక్కటే పెట్టు. రెండు పెడితే పిల్ల చెయ్యి లాగేస్తుంది, ఫొటోల్లో మొహం ముడుచుకుంటుంది. చుట్టూ తెల్ల గులాబీలు, కాస్త పచ్చాకు. స్టేజీకి అన్నీ కింగ్ అక్కర్లేదు, చిన్న రకాలు దొరుకుతాయి. ఒకదానికి రేకుల అంచున నల్లటి నూగు ఉంటుంది, కాటుక దిద్దినట్టు. దగ్గర నుంచి చూస్తే కింగ్ కంటే నాకు అదే అందం.

బరంపురం అత్తయ్య:
జడలోకి వద్దు బాబూ. అంత బరువు జడకి కడితే పీటల మీద పిల్ల తల ఎత్తగలదా? మా గంజాం మొగలి ఉండగా సముద్రాలు దాటిన పువ్వెందుకు? నా పెళ్లిలో మొగలి రేకుల జడ, మూడో రోజుకి కూడా తలగడ గుమ్మెత్తిపోయింది. నీ పువ్వుకి వాసనే లేదంటున్నారు. శివపూజకి మొగలి పనికిరాదు గానీ జడకి ఎవరూ వద్దనలేదు.

బామ్మగారు మరీ పట్టుబడితే బాసికాలు కట్టేవాళ్లని అడుగు. జీలుగు బెండుతో అలాంటి పువ్వు చిన్నది చేసి రంగు అద్ది ఇస్తారు. దూది బరువుండదు. పెళ్లికి మన పూలు, రిసెప్షన్‌కి ఆ పిల్ల సరదా. అడిగిన పిల్లని మాత్రం ఏమీ అనకు, దాని పెళ్లి.

కోరాపుట్ కాఫీతోట:
చిన్న మాట. మా తోటల్లో నీడకి వేసే సిల్వర్ ఓక్ కూడా ఈ ప్రోటియా కుటుంబమే. అది విని నేను ఒక ప్రోటియా మొక్క తెప్పించి కుండీలో వేశాను. ప్రేమ ఎక్కువై భాస్వరం ఉండే డీఏపీ ఎరువు వేశాను, చచ్చిపోయింది. తర్వాత తెలిసింది, భాస్వరం ఎక్కువైతే వీటికి విషమట. పేద నేలలో పుట్టిన జాతి, తిండి ఎక్కువైతే తట్టుకోలేదు. కాబట్టి మనమే పెంచి అమ్ముకుందామని కలలు కనొద్దు.

గుణుపురం పూలకొట్టు:
అందరికీ దండాలు. అక్కా, నువ్వు చెప్పాక నా డబ్బుతోనే రెండు కాడలు తెప్పించాను. ఈసారి బస్సు లేదు. విశాఖ వెళ్లి పెట్టె తీసుకుని, గుణుపురం ప్యాసింజర్‌లో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. పక్క సీటాయన "కోడిపుంజా?" అన్నాడు.

ఒక కాడ ఆకులు తీసి పంచదార నీళ్లలో పెట్టాను. రెండోది చూద్దామని ఆకులతోనే మామూలు నీళ్లలో వదిలేశాను. ఇవాళ్టికి అయిదో రోజు. రెండోదాని ఆకులు అప్పడం మాడినట్టు నల్లబడ్డాయి. పూలు రెండూ మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

జడకి మొగలి అని బామ్మగారికి చెబితే వెంటనే ఒప్పుకున్నారు. ఆవిడకి కావలసింది అదేనేమో, అడగడానికి మొహమాటపడ్డారు. స్టేజీకి కాటుక రకం, బొకేకి ఒక్క కింగ్, చేతిలో ఒకటి ఎక్స్‌ట్రా.

అమ్మ పొద్దున్న నీళ్లు మారుస్తూ పువ్వు అంచు వేలితో నిమిరింది. "పిల్లి చెవిలా ఉందిరా" అంది. పెళ్లయ్యాక పారెయ్యొద్దట, కొట్టులో తలకిందులుగా వేలాడదీసి ఎండబెడుతుందట.