ముందు థియరీయా, ముందు పుస్తకమా? ఇంగ్లీష్ థీసిస్ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

ఎంవీపీ_పాఠకురాలు: ఇక్కడే వైజాగ్‌లో ఇంగ్లీష్ పీహెచ్‌డీలో చేరాను. గైడ్ గారు ఒక పేజీ కాన్సెప్ట్ నోట్ అడిగారు. ఇంగ్లీష్ రచయిత జోసెఫ్ కాన్రాడ్ రాసిన సముద్రపు కథ 'టైఫూన్' మీద చేద్దామని నా కోరిక. సీనియర్లేమో "ముందు థియరీ, అంటే ఏ సిద్ధాంతం వైపు నుంచి చదువుతావో ఖాయం చేసుకో, పుస్తకాలు ఎన్నయినా దొరుకుతాయి" అంటున్నారు. మీరేమంటారు?

గాజువాక_లెక్చరర్: సీనియర్లు చెప్పిందే రైటు. సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) పెట్టగానే ఫ్రేమ్‌వర్క్ ఏదమ్మా, ఏ థియరీతో చదువుతావు అని అడుగుతారు. థియరీ లేని థీసిసులు చూశాను, అధ్యాయానికో నవల కథ చెప్పుకుపోవడమే. పైగా కాన్రాడ్‌ది జాత్యహంకారం అని నైజీరియా రచయిత చినువా అచేబే 1975లో ఇచ్చిన ఉపన్యాసం తర్వాత కాన్రాడ్ మీద రాయనివాళ్లు లేరు. హాయిగా ఎకోక్రిటిసిజం (సాహిత్యంలో ప్రకృతిని పట్టి చూసే విమర్శ) పట్టుకోండి. సముద్రం ఉంది, తుఫాను ఉంది.

డాల్ఫిన్స్‌నోస్: హాయే సార్, అందుకే అందరూ అటే పోతున్నారు. మన యూనివర్సిటీల థీసిసులు ఆన్‌లైన్లో దొరికే శోధ్‌గంగలో వెతకండి, 'ఫలానా నవలల్లో ఫలానా వాదం' వరసగా వస్తాయి. ఒకరి మొదటి అధ్యాయం తీసి ఇంకొకరికి పెట్టినా తేడా తెలీదు. జవాబు ముందే తెలిసిపోయాక ఇంక పరిశోధన ఏటి?

'టైఫూన్'నే తీసుకోండి. 1902 నాటి కథ. నాన్-షాన్ ఓడ అడుగున 200 మంది చైనా కూలీలు, ఏళ్లపాటు కూడబెట్టిన వెండి డాలర్లతో ఇళ్లకి పోతుంటారు. తుఫానుకి పెట్టెలు పగిలి డబ్బంతా కలిసిపోయి కొట్టుకుంటారు. తుఫాను రెండో దెబ్బ కొట్టబోతుండగా కాన్రాడ్ అధ్యాయం ముగించేస్తాడు! తర్వాతి అధ్యాయం తెరిస్తే పట్టపగటి ఎండలో ఓడ రేవుకొచ్చేసింది. (2014లో హుద్‌హుద్ చూసిన మనకి ఈ దాటవేత మరీ వింతగా ఉంటుంది.) కెప్టెన్ మెక్‌విర్ డబ్బు సమానంగా పంచాడనీ, మిగిలిన 3 డాలర్లు బాగా దెబ్బలు తిన్న ముగ్గురికి ఇచ్చాడనీ మనకి తెలిసేది కెప్టెన్ కింది అధికారి (మేట్) జ్యూక్స్ రాసిన ఉత్తరంలో. అంతకుముందు ఒక కూలీ నోరు విప్పితే అది మనుషుల భాషలా లేదంటుంది కథ. తుఫానుని ఎందుకు దాటేశాడు? పంపకాన్ని ఉత్తరంలో ఎందుకు పెట్టాడు? ఇదీ థీసిస్ ప్రశ్న. దీనికి ఏ థియరీ కావాలో తర్వాత చూసుకోవచ్చు.

గాజువాక_లెక్చరర్: ఒప్పుకోను. ఆ కూలీ దగ్గర మీ కన్ను ఆగిందంటే అచేబేని చదివి ఉండబట్టే. చదవకపోతే అలల వర్ణనలో పడి ఆ వాక్యం దాటేసేవారు.

డాల్ఫిన్స్‌నోస్: ఈ మాట గట్టిదే. నేను చదవొద్దనలేదండీ, పుస్తకం తెరవకముందే ఖాయం చేసుకోవద్దంటున్నా.

సీతమ్మధార_స్కాలర్: ఇద్దరూ ఒకటి మర్చిపోతున్నారు. ఇదివరకు పీహెచ్‌డీకి ముందు ఎం.ఫిల్ అనే చిన్న పరిశోధన డిగ్రీ ఉండేది, చిన్న థీసిస్‌తో చెయ్యి తిరిగేది. 2022 యూజీసీ నిబంధనలతో అదీ పోయింది. ఎం.ఏ. అవగానే కనీసం 3 ఏళ్ల పనిలోకి దిగిపోతున్నాం. అందుకని పీహెచ్‌డీ మొదట్లో క్లాసులకి (కోర్స్‌వర్క్) రాసే పేపర్‌నే వాడుకో చెల్లీ. ఆ ఉత్తరం ఒక్కదాని మీద పదిహేను పేజీలు రాయి. ఐదో పేజీకే సరుకు అయిపోతే టాపిక్ మార్చుకో, అప్పటికింకా ఏమీ మించిపోదు.

ఎంవీపీ_పాఠకురాలు: సరే అక్కా, నోట్‌లో ఉత్తరం ప్రశ్నే పెడతా. ఫ్రేమ్‌వర్క్ దగ్గర ఏం రాయను?

గాజువాక_లెక్చరర్: నేరేటాలజీ (కథ చెప్పే తీరు మీద థియరీ) అని రాసి పక్కన పోస్ట్‌కలోనియల్ (వలస పాలన ప్రభావాన్ని చూసే థియరీ) చేర్చండి. కమిటీ ముందు "ఇంకా తేల్చుకోలేదు సార్" అని మాత్రం అనకండి.