‘చీని చీనాంబరశ్రేణి’లో మొదటి చీని

పత్రి: శ్రీనాథుడి హరవిలాసం అవతారికలో వర్తకుడు అవచి తిప్పయసెట్టి తెప్పించిన సరుకుల సీసం. చీనాంబరమంటేనే చైనా బట్ట కదా, ‘చీని చీనాంబరశ్రేణి’లో మొదటి ‘చీని’ ఎందుకు? షిన్వాజ్రీకి, అంటే యూరప్‌లో చైనా ఫక్కీలో చేసుకున్న నల్ల లక్క బీరువాలూ పింగాణీలూ వగైరాలకు, ‘చీని పని’ అనవచ్చా?

సీసమాలిక: చీని దేశమే. సింహళం, హురుమంజి (హోర్ముజ్ దీవి), భోట (టిబెట్)... సరుకు ముందు చోటు చెప్పడం ఆ సీసం నడక. కాళిదాసు ‘చీనాంశుకమివ కేతోః’ (జెండా పట్టుగుడ్డలా) నాటికే చీనా అంటే పట్టు, కనుక పునరుక్తి లేదు. జర్మనీలో సాక్సనీ సీమ ఊరు మైసెన్‌లో 1710లో మొదలైన పింగాణీ మీద ఎందరు గొడుగుల చైనావాళ్ళను గీసినా అది సాక్సనీ సరుకే, చీని కాదు.

రేవుగాలి: పుట్టినచోటని ఎవరన్నారు? హురుమంజి ఉప్పుదిబ్బ, గుర్రాలు అక్కడ ఓడెక్కుతాయి గానీ మేయవు. శ్రీనాథుడిచ్చింది రేవుల పట్టీ. కోరమాండల్ తెరలు, అంటే పూత వేసిన మడత చెక్కతెరలు, చూడండి. చేసింది చైనాలో, తరచు పన్నెండు రెక్కలు. పైపూతను అడుగు మట్టిపూత దాకా చెక్కి రంగులు నింపేవారు. మన కోరమాండల్ తీరం మీదుగా పోయాయని ఆ పేరు. యూరప్ వడ్రంగులు వాటిని కోసి బీరువాలకు అతికిస్తే బొమ్మల్లో మనుషులు తలకిందులయ్యేవారు.

లక్కపని: ‘నల్ల లక్క’ అన్నారు కాబట్టి చెబుతున్నా. చైనా పూత లక్క కాదు, చెట్టుపాలు. అది గట్టిపడాలంటే వెచ్చటి చెమ్మ గాలి కావాలి. యూరప్‌కు ఆ పాలు పచ్చిగా చేరడం కష్టం, అందుకని వాళ్ళు మన దేశపు లక్కను స్పిరిట్‌లో కరిగించారు. 1688లో ఇంగ్లండులో స్టాకర్, పార్కర్ అనేవాళ్ళు ఈ పని పద్ధతి పుస్తకంగా అచ్చేశారు. చెక్కకు వజ్రం (వడ్రంగుల తోలుజిగురు) కలిపిన సుద్ద పూసి, నున్నగా రుద్ది, దీపపు మసి కలిపిన లక్క పలచగా పూతమీద పూత వేయాలి. ఉబ్బెత్తు బొమ్మలకు తుమ్మజిగురు, సుద్ద. కింది పూత ఆరకముందే ఇంకోటి వేస్తే ముడతలు పడుతుంది. గాలిలో చెమ్మ ఉంటే పాలలా తెల్లబడుతుంది. చైనా పూతకు కావలసిన చెమ్మే దీన్ని చెడగొడుతుంది.

సీసమాలిక: రేవుగాలి గారూ, భోటలో సముద్రం ఎప్పుడొచ్చింది?

రేవుగాలి: సరే, బేరం జరిగిన చోటనుకోండి! తిప్పయసెట్టి ఓడల పద్యంలో ‘జోంగు’ చూశారా? చైనా ఓడ కాదూ!

సీసమాలిక: ఆ మాట జావా, మలయాలది. పైగా ఆ పాదంలో ‘వల్లి వలికా’ రెండు ఓడలా, ఒకటా? అది తేలనిదే జోంగు జోలికి పోకండి.