కేరాస్ మ్యుటేషన్ ఉంటే సెటుక్సిమాబ్ ఎందుకు ఇవ్వరు?

ప్రశ్న:
మా నాన్నగారికి పెద్దపేగు ఎడమ భాగంలో వచ్చిన క్యాన్సర్ కాలేయానికి పాకింది. జన్యు పరీక్షలో కణితిలోని కేరాస్ అనే జన్యువులో ‘జి12డి’ మ్యుటేషన్ (మార్పు) ఉన్నట్టు తేలడంతో, కీమోథెరపీతో పాటు కణితికి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ ఇస్తామనీ, సెటుక్సిమాబ్ ఆయనకు పనికిరాదనీ డాక్టరుగారు చెప్పారు. ఎడమవైపు కణితులకు ఆ మందు బాగా పనిచేస్తుందని చదివాను. మరి నాన్నగారికి ఎందుకు వద్దంటున్నారో దయచేసి వివరించగలరు.

జవాబు 1:
మీరు చదివింది నిజమే కానీ, కేరాస్, ఎన్‌రాస్ జన్యువుల్లో మార్పు లేని కణితులకే అది వర్తిస్తుంది. సెటుక్సిమాబ్ కణం పైపొర మీదుండే ఈజీఎఫ్ఆర్ గ్రాహకానికి అతుక్కుని, కణాన్ని విభజన చెందమనే సంకేతం లోపలికి చేరకుండా అడ్డుకుంటుంది. లోపల ఆ సంకేతాన్ని అందుకుని బీరాఫ్, మెక్ ప్రోటీన్లకు చేరవేసేది కేరాస్ జన్యువు తయారుచేసే ప్రోటీన్. దాని 12వ స్థానంలో గ్లైసిన్‌కు బదులు ఆస్పార్టిక్ ఆమ్లం చేరడమే జి12డి. అప్పుడు పైనుంచి ఆదేశం రాకపోయినా కేరాస్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, గ్రాహకాన్ని మూసినా ప్రయోజనం ఉండదు. మొటిమల్లాంటి దద్దుర్లు, రక్తంలో మెగ్నీషియం పడిపోవడం వంటి బాధలు మాత్రం తప్పవు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 40 శాతం కేరాస్ మార్పు ఉన్నవే. మందు మొదలుపెట్టకముందే ఈ పరీక్ష చేయించడం చాలా మంచి పని.

జవాబు 2:
అడాగ్రాసిబ్, సోటోరాసిబ్ అనే కేరాస్ మందుల గురించి మీరు ఎక్కడైనా చదివితే తొందరపడి ఆశ పెట్టుకోవద్దని మనవి. అవి 12వ స్థానంలో సిస్టీన్ చేరిన జి12సి రకానికే పట్టుకుంటాయి. జి12డికి మందులు క్లినికల్ ట్రయల్స్‌లో ఉన్నాయి కనుక, వాటిలో చేరే వీలుందేమో అడగండి. అంతకన్నా ముందు రిపోర్టులో ఎంఎస్‌ఐ ఫలితం (కణితి కణాల్లో డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే వ్యవస్థ దెబ్బతిందో లేదో చెప్పేది) చూడండి. అది ‘హై’ అని ఉంటే, కేరాస్ మార్పు ఉన్నా సరే, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి పురిగొల్పే) మందును మొదటి చికిత్సగానే ఇవ్వవచ్చు. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అందుకు ఆమోదం తెలిపింది. వ్యాపించిన దశలో ఇలాంటివారు సుమారు 5 శాతమే, కానీ ఆ కొద్దిమందికి చికిత్స దారే మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఎంతో మేలు చేశారు. రిపోర్టులో ఎంఎస్‌ఐ ప్రస్తావన లేదు. మళ్లీ బయాప్సీ చేయాలా?

జవాబు 2:
సాధారణంగా అక్కర్లేదు. ల్యాబ్‌లో మైనపు దిమ్మలో భద్రపరిచిన పాత ముక్క సరిపోతుంది. దాని మీదే డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూస్తారు. వీటిలో ఏదైనా లోపిస్తే, క్యాన్సర్ ముప్పును పెంచే, వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ కోసం నాన్నగారికి రక్తపరీక్ష అవసరమవుతుందేమో డాక్టరుగారిని అడగండి. అదే అని తేలితే మీకూ, మీ తోబుట్టువులకూ ఆ పరీక్ష చేయించాలి.